తిరుపతిలో కాలేజీ చూడటానికి వస్తే ఎక్కడ దిగాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. ఆగస్టు మొదటి వారంలో విజయనగరం నుంచి మీరు, మీ శ్రీమతి, అమ్మాయి, మీ అమ్మగారు రెండు రాత్రులు ఉండేలా తిరుపతి వస్తున్నారు. శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఎస్వీ యూనివర్సిటీ, వీలైతే ఏర్పేడు దగ్గరి ఐసర్ (సైన్సు చదువులకూ పరిశోధనకూ పెట్టిన కేంద్ర సంస్థ) చూడాలి. తిరుపతి దాకా వెళ్లి కొండ మీద ఉండకపోతే ఎలా అని బంధువులు అంటున్నారు. కొండ మీద గది తీసుకోవాలా, స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాలా, క్యాంపస్ పక్కన ఏమైనా దొరుకుతుందా అని అడిగారు.

మీ బంధువుల మాటలో ఆప్యాయత ఉంది. కానీ ఈ ప్రయాణానికి అది కుదరదు. కొండ మీద గది వద్దు. రెండు రాత్రులూ ఊరికి పడమటి వైపు, అంటే బాలాజీ కాలనీ, ఎస్వీ యూనివర్సిటీ, మహిళా విశ్వవిద్యాలయం పరిసరాల్లో దిగండి. రేపు సీటు వస్తే అమ్మాయి రోజూ నడిచే వీధులు అవే. దర్శనం చివర పెట్టుకోండి. గది ఎక్కడ తీసుకున్నారన్న దాన్ని బట్టి మీరు క్యాంపస్‌లో ఏమి చూస్తారో, ఏమి చూడకుండా వెళ్లిపోతారో తేలిపోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఇక్కడ ఒక హాస్టల్ కార్యాలయంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తల్లిదండ్రుల రాకతో మా వరండా కిటకిటలాడేది. ఒక ఏడాది సర్టిఫికెట్ల పరిశీలన రోజున, ఉదయం పదిన్నరకు రావలసిన తండ్రీకూతుళ్లు ఒంటిగంట దాటాక వచ్చారు. ఆయన తెల్లవారుజామునే గుండు చేయించుకున్నారు. తలకు పూసిన గంధం చెమటకు కరిగి చెవుల పక్కన చారలు కట్టింది. ఒక చేతిలో లడ్డూల సంచి, ఇంకో చేతిలో కూతురి బట్టల సంచి. ఆ అమ్మాయి మాట్లాడలేదు. ఛాతీకి ఆనించుకున్న ఫైలు మీది ఎలాస్టిక్ దారాన్ని లాగుతూ, వదులుతూ నిలబడింది. దర్శనం అయిదింటికే అయిపోతుందని ఎవరో చెబితే నమ్మి, కొండ మీదే గది తీసుకున్నారట. దర్శనం అయ్యేసరికి ఎనిమిదిన్నర. గది ఖాళీ చేసి, బస్సు కోసం నిలబడి, ఘాట్ రోడ్డు దిగి, ఆటో పట్టుకుని వచ్చేసరికి పరిశీలన చేసే ఉద్యోగి భోజనానికి వెళ్లిపోయాడు. చివరికి సాయంత్రం పని అయింది. కానీ ఆ నాలుగు గంటలూ ఆ పిల్ల ముఖం చూసినవాణ్ని, అందుకే చెబుతున్నాను. స్వామి దర్శనానికి గంట పెట్టుకుని రాలేం. కాలేజీ ఆఫీసుకు గంట తప్పి వెళ్లలేం. ఈ రెండింటినీ ఒకే పూటలో కట్టకండి.

కొండ మీది గదికి ఇంకో ఇబ్బంది ఉంది. ఆ గదులు దర్శనానికి వచ్చే యాత్రికుల కోసం కట్టినవి, ఆధార్ చూసి ఆ అవసరం మేరకే ఇస్తారు. ఘాట్ రోడ్డును అర్ధరాత్రి తర్వాత కొన్ని గంటలు మూసివేస్తారు. పైకి వెళ్లేటప్పుడు అలిపిరి దగ్గర ప్రతి సంచీ తనిఖీ చేస్తారు. రోజూ క్యాంపస్‌కు దిగి, చీకటి పడ్డాక మళ్లీ ఎక్కడమంటే రోజులో రెండున్నర, మూడు గంటలు దారిలోనే పోతాయి. మీ అమ్మగారి వయసులో ఘాట్ రోడ్డు మలుపులు రోజుకు రెండుసార్లంటే అది ఆవిడకు శిక్షే.

కింద ఊళ్లో టీటీడీ వసతి సముదాయాలు ఉన్నాయి: రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, దాని దగ్గరలోనే మాధవం. అద్దె తక్కువ, గదులు శుభ్రం, ఆడపిల్లతో ఉన్నా భయం లేదు. ఆన్‌లైన్‌లో ముందుగా దొరికితే కాదనకండి. అక్కడి నుంచి ఎస్వీ యూనివర్సిటీకి ఆటోలో పదిహేను నిమిషాలు. కాకపోతే విష్ణు నివాసం, శ్రీనివాసం దగ్గరే సర్వదర్శనం టోకెన్లు కూడా ఇస్తారు. రాత్రంతా మైకుల్లో పిలుపులు, ఆటోల హారన్లు, క్యూలో పిల్లల ఏడుపులు. మర్నాడు పరీక్షో ఇంటర్వ్యూనో ఉన్న పిల్లకు ఆ రాత్రి నిద్ర పట్టడం కష్టం. బుకింగ్ మాత్రం టీటీడీ అధికారిక వెబ్‌సైట్‌లోనే చేయండి. నకిలీ వెబ్‌సైట్ల గురించి టీటీడీ ఎన్నిసార్లు హెచ్చరించినా డబ్బు కట్టి మోసపోయి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. తిరుపతి కాలేజీలన్నీ ఒక చోట లేవు. బయటి ఊళ్లవాళ్లు పొరపడేది ఇక్కడే. 1954లో పెట్టిన ఎస్వీ యూనివర్సిటీ, 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పెట్టిన మహిళా విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల, పశువైద్య విశ్వవిద్యాలయం ఊరికి పడమర దిక్కున దగ్గర దగ్గరగా ఉన్నాయి. వీటి కోసం వచ్చేవాళ్లకు బాలాజీ కాలనీ చుట్టుపక్కల ఎక్కడ గది దొరికినా మంచిదే. మెడికల్ సీటు కోసం వచ్చేవాళ్లు ఎస్వీ మెడికల్ కాలేజీ, స్విమ్స్ ఉన్న అలిపిరి రోడ్డు వైపు చూస్తారు. ఆ వైపు లాడ్జిల్లో సగం గదులు రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు వచ్చిన రోగుల బంధువులతోనే నిండి ఉంటాయి, కాబట్టి వాళ్లు మరీ ముందుగా మాట్లాడుకోవాలి. టీటీడీ నడిపే డిగ్రీ కాలేజీలు ఊళ్లోనే ఉన్నాయి, వాటికి స్టేషన్ వైపు దిగినా సరిపోతుంది. చంద్రగిరి దాటి రంగంపేట వైపున్న ప్రైవేటు కాలేజీలకైతే చంద్రగిరి రోడ్డులో దిగడం నయం.

ఐఐటీ, ఐసర్ సంగతి పూర్తిగా వేరు. రెండూ 2015లోనే మొదలయ్యాయి, రెండూ ఇప్పుడు ఏర్పేడు మండలంలో ఉన్నాయి. తిరుపతి నుంచి రేణిగుంట మీదుగా శ్రీకాళహస్తి వెళ్లే దారిలో పాతిక కిలోమీటర్లు పోయాక ఏర్పేడు వస్తుంది. అక్కడి నుంచి మళ్లీ లోపలికి వెళ్లాలి. ఐసర్ తొలి సంవత్సరాల్లో కరకంబాడి రోడ్డులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ భవనాల్లో నడిచింది. అందుకే ఆ పాత చిరునామాను పట్టుకుని ‘ఐసర్‌కు అతి దగ్గర’ అని రాసుకున్న గదులు ఆన్‌లైన్‌లో ఇంకా కనిపిస్తాయి. అలాంటిది చూసి డబ్బు కట్టకండి. మ్యాపులో ఏర్పేడు అని ఉందో లేదో చూసుకోండి.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు ఇదంతా చిత్తూరు జిల్లా. పాత బ్రోచర్లలో, కొన్ని వెబ్‌సైట్లలో ఇప్పటికీ చిరునామా చివర చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. అది చూసి చిత్తూరు పట్టణంలో గది తీసుకున్న ఒక కుటుంబం నాకు తెలుసు. చిత్తూరుకూ తిరుపతికీ మధ్య సుమారు డెబ్బై కిలోమీటర్లు. ఇంకొందరు ద్రావిడ విశ్వవిద్యాలయం చిత్తూరు జిల్లాలోదే కదా అని చిత్తూరులో దిగుతారు. అది కుప్పంలో ఉంది, చిత్తూరు నుంచి వంద కిలోమీటర్లకు పైనే. కుప్పానికి వెళ్లేవాళ్లు కుప్పంలోనే దిగాలి. బెంగళూరు నుంచి జోలార్‌పేట వెళ్లే రైలు మార్గంలో ఉంది కాబట్టి ఆ వైపు నుంచి రావడమే సుఖం.

ఇప్పుడు పడమటి వైపే దిగమని ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. పగలు పదకొండు గంటలకు ఏ క్యాంపస్ అయినా బాగుంటుంది. ఎస్వీ యూనివర్సిటీ మరీ బాగుంటుంది. వెనక శేషాచలం కొండలు గోడలా నిలబడి ఉంటాయి, చెట్ల నీడ, రాతి భవనాలు, విశాలమైన రోడ్లు. ఆ అందం చూసి తల్లిదండ్రులు అక్కడికక్కడే నిర్ణయం తీసేసుకుంటారు. పిల్లలు మాత్రం అక్కడ సాయంత్రం ఆరు గంటలకూ బతకాలి, రాత్రి తొమ్మిదికీ బతకాలి. లైబ్రరీ నుంచి హాస్టల్‌కు వచ్చే దారిలో దీపాలు వెలుగుతున్నాయా? గేటు బయట టిఫిన్ బండి ఎంతవరకు ఉంటుంది? మందుల దుకాణం ఎంత దూరం? బస్సు దిగిన చోటు నుంచి గేటు దాకా ఆడపిల్ల ఒంటరిగా నడవగలదా, ఆటో కోసం నిలబడాలా? వీటికి జవాబు ఆఫీసులో దొరకదు. క్యాంపస్‌కు నడిచి వెళ్లేంత దూరంలో రాత్రి ఉన్నవాళ్లకే దొరుకుతుంది.

మొదటి రోజు సాయంత్రం ఆరున్నరకు మీరూ అమ్మాయీ గది నుంచి బయలుదేరి నడవండి. కారు వద్దు, ఆటో వద్దు. మహిళా విశ్వవిద్యాలయం గేటు దగ్గర కాసేపు నిలబడండి. హాస్టల్ గేటు మూసే వేళ దగ్గరపడుతుంటే పిల్లలు ఎలా లోపలికి వస్తున్నారో చూడండి: గబగబా పరుగెత్తుతున్నారా, కబుర్లు చెప్పుకుంటూ వస్తున్నారా, చేతుల్లో ఏమి కొనుక్కుని వస్తున్నారు. చేతిలో పెరుగు పాకెట్లు, ఊరగాయ సీసాలు ఎక్కువ కనిపిస్తే మెస్ గురించి ఒకరిని ఆపి అడగండి. అమ్మాయినే అడగనివ్వండి. మీరు అడిగితే ‘బాగానే ఉంటుంది అంకుల్’ అంటారు, తోటి పిల్ల అడిగితే నిజం చెబుతారు. నేను ఆఫీసు బల్ల వెనక కూర్చుని వందలసార్లు ‘మెస్ బాగుంటుంది’ అని చెప్పాను. నిజాయితీగానే చెప్పాను. కానీ ఆ మెస్సులో మూడేళ్లు తిన్న పిల్ల చెప్పే మాటకు ఉన్న విలువ నా మాటకు లేదు.

ఒక్క జాగ్రత్త. కొండ కింద అడవిని ఆనుకుని ఉన్న ప్రాంగణాలు కావడం వల్ల ఎస్వీ యూనివర్సిటీ, వేద విశ్వవిద్యాలయం పరిసరాల్లో చిరుత కనిపించిన సంఘటనలు ఈ మధ్య సంవత్సరాల్లో జరిగాయి. మనుషులు తిరిగే దారుల్లోనే నడవండి, చీకటి పడ్డాక కొండ వైపు ఖాళీ రోడ్ల మీదికి పోకండి. కాపలా వాళ్లు వెనక్కి పొమ్మంటే వాదించకండి.

గదుల గురించి. క్యాంపస్ అతిథి గృహం దొరికితే దాన్ని మించింది లేదు. ఎస్వీ యూనివర్సిటీకి ఉంది, ఐఐటీ వంటి సంస్థలకూ ఉంది. కానీ అవి ముందుగా పరీక్షకులకు, సెమినార్లకు వచ్చేవాళ్లకు. తల్లిదండ్రులకు ఖాళీని బట్టి ఇస్తారు, అదీ లోపలివాళ్లు ఎవరైనా మీ తరఫున రాసిస్తేనే. అమ్మాయి చేరాలనుకుంటున్న విభాగానికి ఒక ఉత్తరం మర్యాదగా, తేదీలతో, ఎంతమందో రాసి పదిహేను రోజుల ముందు పంపండి. చాలామంది అడగరు, అడగకపోవడం వల్లే దొరకదు. సమాధానం రాకపోతే పట్టించుకోకుండా బయట గది చూసుకోండి, చివరి నిమిషం దాకా దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. మహిళా విశ్వవిద్యాలయం హాస్టల్లో మాత్రం మీరు ఉండే అవకాశం లేదు. ఆ విషయం ముందే తెలుసుకుని రావడం మంచిది. సామానుతో గేటు దగ్గర నిలబడి ‘ఒక్క రాత్రికే కదా’ అని బతిమాలిన తండ్రులను చూశాను.

మీకు చెప్పదగ్గ ఇంకో మార్గం ఉంది, దీన్ని ఎవరూ సూచించరు. బాలాజీ కాలనీ, మహిళా విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ప్రైవేటు లేడీస్ హాస్టళ్లు ఉన్నాయి. మంచం ఖాళీగా ఉంటే ఒకటి రెండు రోజులకు కూడా తల్లీకూతుళ్లకు ఇచ్చేవి కొన్ని ఉంటాయి. మొదటి రాత్రి మీ శ్రీమతి, అమ్మాయి అలాంటి చోట ఉంటే, మీరూ మీ అమ్మగారూ పక్క వీధి లాడ్జిలో ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ పిల్లలతో మాట్లాడితే తెలిసినంత ఏ బ్రోచరూ చెప్పదు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, నీళ్లు ఏ పూట రావు, జ్వరం వస్తే ఎవరు తీసుకెళ్తారు, ఇంటికి వెళ్లాలంటే రైలు రిజర్వేషన్ దొరుకుతుందా. మీరు విజయనగరం నుంచి వస్తున్నారు. అంత దూరం పిల్లను పంపే తల్లికి ఈ చివరి ప్రశ్న చిన్నది కాదు.

లాడ్జి అయితే ఫోనులో అడగవలసినవి అడిగే గది ఖాయం చేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, గది లెక్క ఇరవై నాలుగు గంటలా, పన్నెండు గంటలా, లేక మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలా అన్నది. యాత్రికులు ఏ వేళకైనా దిగే ఊరు కాబట్టి ఇక్కడ చాలా లాడ్జిలు దిగిన గంట నుంచి ఇరవై నాలుగు గంటలు లెక్కపెడతాయి. అందరూ కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అన్నయ్య కుటుంబం వస్తే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో గది తీసి పెట్టాను. రాత్రి పదింటికి దిగారు. మర్నాడు ఉదయం పదికి ఒక కుర్రాడు తలుపు కొట్టి, మీ పూట అయిపోయింది, ఇంకో పూట డబ్బు కట్టండి అన్నాడు. రశీదు తీసి చూస్తే మూలన చిన్న అక్షరాల్లో పన్నెండు గంటలు అని ఉంది. వదినగారు అప్పుడే తలంటుకుని తడి జుట్టుతో ఉన్నారు. వాదించి లాభం లేక రెండో పూట కట్టాను. చదవకుండా సంతకం పెట్టింది నేనే, అయినా ఆ కోపం ఇన్నేళ్లయినా పోలేదు. కాబట్టి ఫోనులోనే అడగండి, చేరాక రశీదులోనూ చూడండి.

మీ అమ్మగారి కోసం లిఫ్ట్ ఉందా, లేకపోతే కింది అంతస్తులో గది ఇస్తారా, వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, వేడినీళ్లు ఏ వేళలో వస్తాయి అని అడగండి. నలుగురికి ఒక గది చాలంటారు, అదనపు పరుపుకు ఎంతో ముందే చెప్పించుకోండి. రోడ్డు వైపు కిటికీ లేని గది అడగండి. అమ్మాయితో సహా అందరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి. ఇంకొకటి. ఈ ఊళ్లో ప్రతి రెండో లాడ్జికి స్వామి పేరో అమ్మవారి పేరో ఉంటుంది. బాలాజీ, శ్రీనివాస, పద్మావతి, గోవింద అన్న పేర్లు అటూ ఇటూ మార్చి పెట్టుకుంటారు. పేరు చెబితే ఆటోవాళ్లు తమకు కమిషన్ ఇచ్చే చోటికే తీసుకెళ్లగలరు. వీధి పేరు, పక్కన ఏ గుడి ఉంది, ఏ బ్యాంకు ఉంది, అడిగి రాసుకోండి. ఆన్‌లైన్‌లో బుక్ చేసినా ముందు రోజు లాడ్జికి నేరుగా ఫోను చేసి, మా పేరున గది ఉందా అని అడగండి. రద్దీ రోజుల్లో ‘మాకు ఆ బుకింగ్ రాలేదు’ అన్న మాట వినవలసి రావచ్చు. దాన్ని ముందు రోజే వింటే మీకు ఇంకో దారి ఉంటుంది.

తేదీల సంగతి గదికన్నా ముఖ్యం. శని, ఆదివారాలకు రాకండి. మంగళ, బుధ, గురువారాల్లో ఊరు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, ఆఫీసులూ తెరిచి ఉంటాయి. మీరు అనుకున్న ఆగస్టు మొదటి వారం పరవాలేదు, కానీ శ్రావణమాసం తగులుతుందేమో పంచాంగం చూడండి. శ్రావణంలో పెళ్లి ముహూర్తాలకు కల్యాణ మండపాలతో పాటు చుట్టుపక్కల లాడ్జిలూ నిండిపోతాయి. వరలక్ష్మీ వ్రతానికి తిరుచానూరులో రద్దీ ఉంటుంది. ఆగస్టు 15కు ముందూ వెనకా సెలవులు కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఏ కారణంగానైనా మీ ప్రయాణం వెనక్కి జరిగితే సెప్టెంబరు, అక్టోబరులో బ్రహ్మోత్సవాలు, తమిళుల పెరటాసి శనివారాలు ఉంటాయి, ఆ రోజుల్లో గది దొరికినా అద్దె రెట్టింపు అడగవచ్చు. వైకుంఠ ఏకాదశికి మాత్రం కాలేజీ పని మీద రానే వద్దు. 2025 జనవరిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అది జరిగింది కొండ మీద కాదు, కింద ఊళ్లో. పెద్దావిడను వెంటపెట్టుకుని ఆ జనంలో తిరగకూడదు.

నవంబరు, డిసెంబరుల్లో వచ్చేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మన వానలు ఆ నెలల్లోనే ఎక్కువని గుర్తుంచుకోండి. 2021 నవంబరు వానలకు ఊళ్లో వీధులు ఏరులయ్యాయి, ఘాట్ రోడ్డు మీద కొండరాళ్లు జారిపడ్డాయి. పెద్ద వాన పడితే రైల్వే అండర్‌బ్రిడ్జిలు నీటితో నిండిపోతాయి, వెస్ట్ చర్చి దగ్గరిది మరీను. పట్టాలకు అటువైపు గది, ఇటువైపు క్యాంపస్ అయితే ఆ రోజు చుట్టు తిరిగి రావలసిందే. నిలిచిన నీటిలోకి బండి దింపనివ్వకండి, డ్రైవరు ఎంత ధైర్యం చెప్పినా సరే.

ఐసర్‌కు రెండో రోజు పూర్తిగా ఒక పూట కేటాయించండి. ఏర్పేడు దాకా శ్రీకాళహస్తి బస్సులు ఎన్నయినా ఉన్నాయి, కానీ అక్కడి నుంచి క్యాంపస్ దాకా వెళ్లడానికీ, ముఖ్యంగా తిరిగి రావడానికీ ఆటో దొరకడం కష్టం. నలుగురు ఉన్నారు కాబట్టి సగం రోజుకు కారు మాట్లాడుకోండి, అక్కడ ఆగే గంటలతో కలిపి ధర తేల్చుకోండి. అమ్మగారిని గదిలోనే విశ్రాంతి తీసుకోనివ్వండి. వెళ్లే ముందు లోపలికి అనుమతి తీసుకున్నారో లేదో చూసుకోండి. ఇవి కేంద్ర సంస్థలు, గేటు దగ్గర పేరు లేకపోతే కాపలావాళ్లు పంపరు, అది వాళ్ల తప్పు కాదు. అక్కడ రాత్రి ఉండే ఆలోచన వద్దు. ఏర్పేడులో కుటుంబంతో దిగడానికి మంచి చోటు దొరకడం కష్టం.

కేవలం ఐఐటీ, ఐసర్ కోసమే వచ్చేవాళ్లకు నా సలహా వేరేగా ఉంటుంది: శ్రీకాళహస్తిలో దిగండి. ఏర్పేడుకు అక్కడి నుంచే దగ్గర. విజయవాడ వైపు నుంచి గూడూరు మీదుగా వచ్చే రైళ్లకు తిరుపతికన్నా ముందు శ్రీకాళహస్తి వస్తుంది, అక్కడ ఆగే రైలైతే ఇటు దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయే పని తప్పుతుంది. దేవస్థానం వసతి గదులూ ఉన్నాయి. రాహుకేతు పూజలకు జనం ఎక్కువగా వచ్చే ఆదివారం, అమావాస్య రోజులు, శివరాత్రి తప్పించుకుంటే చాలు.

ఇక దర్శనం. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్లు సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. పెద్దవాళ్లకు విడిగా కోటా ఉంది, అదీ ముందుగానే తీసుకోవాలి. మీ చేతిలో టిక్కెట్ ఇప్పటికే ఉంటే, దాని తేదీకి ముందు రెండు రోజులు క్యాంపస్ పనికి పెట్టుకుని ప్రయాణం కట్టుకోండి. టిక్కెట్ లేకపోతే ఈసారి సర్వదర్శనం క్యూలో అమ్మగారిని నిలబెట్టి, అదే రోజు రాత్రి రైలు పట్టుకునే సాహసం చేయకండి. తిరుచానూరు అమ్మవారిని, కపిలతీర్థాన్ని, ఊళ్లోనే ఉన్న గోవిందరాజస్వామిని ఒక్క పూటలో చూపించవచ్చు. ఆగస్టులో మంచి వాన పడి ఉంటే కపిలతీర్థం జలపాతం కూడా కనిపిస్తుంది. అమ్మాయి ఇక్కడ చేరిందంటే నాలుగేళ్లలో మీరు ఎన్నిసార్లు వస్తారో, ఎన్నిసార్లు కొండెక్కుతారో.

మీ రైలు ఎన్ని గంటలకు, తిరుపతికా రేణిగుంటకా చేరుతుందో రాయలేదు. కొన్ని రైళ్లు రేణిగుంటలోనే దింపి వెళ్లిపోతాయి, అక్కడి నుంచి ఊళ్లోకి పది కిలోమీటర్లు. తెల్లవారుజామున దిగేటట్లయితే గది ముందు రాత్రి నుంచే తీసుకోవాలా, ఆరు గంటలకు ఇచ్చే లాడ్జి దొరుకుతుందా అన్నది దాన్ని బట్టి ఉంటుంది. రైలు పేరు రాయండి, చెబుతాను.